అర్జీదారు, లబ్ధిదారు: అమెరికా పనిపర్మిటు చరిత్ర

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు. విదేశాల్లో వున్న నిపుణుణ్ణి హెచ్-1బి పర్మిటు మీద కొత్తగా రప్పించుకోదలచిన యజమాని తలకు లక్ష డాలర్లు చెల్లించాలన్నది దాని సారాంశం. అమలుకు ఇచ్చిన వ్యవధి రెండు రోజులయినా లేదు. ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో ప్రభుత్వమే మొదట స్పష్టంగా చెప్పలేకపోయింది. సెలవు మీద స్వదేశానికి వచ్చినవాళ్ళు తిరుగు టిక్కెట్ల కోసం పరుగులు పెట్టారు. అక్కడ విమానం ఎక్కి కూర్చున్నవాళ్ళు కొందరు దిగిపోయారు. మర్నాటికి వివరణ వచ్చింది: ఇది కొత్త అర్జీలకే, పాతవారికి కాదు, ఒక్కసారే, ఏటేటా కాదు. ఈలోగా మన పత్రికలు లక్ష డాలర్లను రూపాయల్లోకి మార్చి, సుమారు 88 లక్షలని పెద్దక్షరాల్లో వేశాయి.

ఆ గొడవలో ఒక చిన్న విషయం మరుగున పడింది. ఆ రుసుము కట్టవలసినవాడు యజమాని. ఎందుకంటే అర్జీ పెట్టేవాడు యజమాని. సముద్రాలు దాటి వెళ్ళి పనిచేసే మనిషి తన పర్మిటుకు తాను అర్జీ పెట్టుకొనే వీలు ఆ చట్టంలో లేదు. 2025లోనే కాదు, 1952లోనూ లేదు.

ఐ-129 అని ఒక ఫారం వుంది. హెచ్-1బికి మూలం అది. దాని మొదటి భాగం అర్జీదారు వివరాలు అడుగుతుంది. అర్జీదారు అంటే కంపెనీ. చివర సంతకం కంపెనీది. అనుమతి మంజూరయినట్టు వచ్చే కాగితం కంపెనీ పేరనే వస్తుంది. పనివాడి పేరు లోపలెక్కడో వుంటుంది. అతని సంతకానికి అందులో చోటు లేదు. ఆ ఫారంలో అతనికి పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే 'లబ్ధిదారు'. మనం రేషను కార్డుకూ పక్కా ఇంటికీ వాడే మాటే. రోజుకు పది గంటలు పని చేసి ఆ కంపెనీకి లాభం తెచ్చిపెట్టేవాడు లబ్ధిదారుడు. ఆ లాభం పొందేవాడు అర్జీదారుడు! భాషలో ఇంత తలకిందుల వ్యవహారం ఊరికే జరగదు.

డెబ్బయి ఏళ్ళకు పైగా ఈ పర్మిటు విధానాన్ని మార్చుతూనే వచ్చారు. సంఖ్య పెంచారు, తగ్గించారు. రుసుములు పెట్టారు. తపాలా సంచులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. వరుస పోయి లాటరీ వచ్చింది. లాటరీలో మళ్ళీ తూకాలు వచ్చాయి. ఈ మార్పుల్లో ప్రతి ఒక్కటీ మనవాళ్ళలో కొందరికి ఆశ, మరికొందరికి నిరాశ కలిగించింది. కాని అర్జీదారు స్థానంలో వున్న పేరు మారలేదు. మారనిది ఎందుకు మారలేదో తెలియాలంటే వెనక్కు వెళ్ళాలి. 1952కు కాదు, అంతకు ముందుకు.

*

అమెరికా అంతర్యుద్ధం జరుగుతూన్న రోజుల్లో మగవాళ్ళు సైన్యంలో వున్నారు, ఫ్యాక్టరీల్లో చేతులు చాలలేదు. 1864 జులై 4న లింకన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ఐరోపా నుంచి వచ్చే కూలీ తన ఓడ ఖర్చులకు బదులుగా పన్నెండు నెలల దాకా తన వేతనాన్ని ముందుగానే కుదువ పెట్టవచ్చు. ఆ ఒప్పందాన్ని కోర్టులు అమలు జరుపుతాయి. నల్లజాతి బానిసలకు విముక్తి ప్రకటించిన చేతితోనే ఈ సంతకం కూడా జరిగిందన్న సంగతిని మన చరిత్ర పుస్తకాలు సాధారణంగా రాయవు. 1868లో ఆ చట్టం రద్దయింది. ఒప్పందాలు మాత్రం రద్దు కాలేదు; సర్కారు ప్రోత్సాహం లేకుండా ప్రైవేటుగా సాగాయి. సమ్మె జరిగే చోటికి విదేశాల నుంచి ఒప్పంద కూలీలను దింపడం యజమానులకు అలవాటయింది.

దీనికి ఎదురు తిరిగింది 'నైట్స్ ఆఫ్ లేబర్' అనే కార్మిక సంస్థ. వారి ఆందోళన ఫలితంగా 1885 ఫిబ్రవరిలో కాంగ్రెసు ఒక నిషేధ చట్టం చేసింది. దేశంలో అడుగుపెట్టకముందే కుదుర్చుకున్న పని ఒప్పందం చెల్లదు. అట్లా రప్పించిన యజమానికి తలకు వెయ్యి డాలర్ల జరిమానా. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ చట్టం నిషేధించినది విదేశీయుణ్ణి కాదు, ఒప్పందాన్ని. స్వేచ్ఛగా వచ్చి, దిగిన తరవాత పని వెతుక్కునేవాడికి దానివల్ల అడ్డు లేదు. యజమాని చేతిలో పగ్గం వున్నవాడికే అడ్డు. కార్మిక దృష్టితో చూస్తే ఇది నికార్సయిన సూత్రం.

ఆ సంస్థకు మచ్చ లేదని కాదు. 1882లో చైనా కార్మికులను దేశంలోకి రానివ్వని చట్టం వచ్చినప్పుడు దానికి చప్పట్లు కొట్టినవాళ్ళలో వాళ్ళూ వున్నారు. ఒప్పందాన్ని ద్వేషించవలసిన చోట ఒప్పందంలో ఇరుక్కున్న మనిషిని ద్వేషించడం అమెరికా కార్మికోద్యమానికి పట్టిన పాత జబ్బు. ఇప్పటికీ పూర్తిగా వదలలేదు.

ఇక, 1885 నిషేధంలో కొన్ని మినహాయింపులు వున్నాయి. నటులు, గాయకులు, ఉపన్యాసకులు, ఇంటి నౌకర్లు. వీళ్ళతో పాటు, అమెరికాలో ఇంకా వేళ్ళూనని కొత్త పరిశ్రమలకు కావలసిన నిపుణులైన పనివాళ్ళు. 'నిపుణుడు' అనే మనిషి ఈ చరిత్రలో ఇట్లా ప్రవేశించాడు, నిషేధానికి మినహాయింపుగా.

1892లో ఇంకొక మెట్టు పడింది. న్యూయార్కులో హోలీ ట్రినిటీ అనే చర్చి ఇంగ్లండు నుంచి ఒక పాస్టరును ఒప్పందం మీద రప్పించుకుంది. చట్టం అక్షరాలా చదివితే అది నేరమే. కింది కోర్టు జరిమానా వేసింది. సుప్రీంకోర్టు కొట్టివేసింది. చట్టం ఉద్దేశించినది చవక శరీరశ్రమను మాత్రమే, బుద్ధితో పనిచేసేవారు దేశంలో ఎక్కువై పోయారని ఎవరూ మొరపెట్టుకోలేదు అన్నది న్యాయమూర్తి బ్రూయర్ వాదన. చేతిపని వేరు, మెదడు పని వేరు! ఆనాడు చదువుకున్నవాళ్ళు దీన్ని గౌరవంగా భావించి వుంటారు. నాకు మాత్రం ఇందులో ఒక వ్యంగ్యం కనిపిస్తుంది. కూలీకి చట్టం ఇచ్చిన రక్షణ ఏమిటి? నీ యజమాని నిన్ను కట్టేసి తీసుకురాకూడదు అని. బుద్ధిజీవికి దొరికిన గౌరవం ఏమిటి? నిన్ను మాత్రం తీసుకురావచ్చు అని.

భారతీయుల విషయానికి వస్తే అప్పటికి ఈ తగవే లేదు. 1917 చట్టం ఆసియాలో చాలా భాగాన్ని గీత గీసి వెలివేసింది. భగత్ సింగ్ తింద్ కేసులో భారతీయులు శ్వేతజాతి కిందికి రారు, కనుక పౌరసత్వానికి అనర్హులని 1923లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 1946లో ఏడాదికి నూరుమంది వలసదారులను అనుమతించారు. కోట్లాది మంది వున్న దేశానికి నూరు!

*

1952 చట్టం కొరియా యుద్ధం రోజుల్లో, కమ్యూనిస్టు వేట ఉచ్చస్థాయిలో వున్నప్పుడు పుట్టింది. మెకారన్, వాల్టర్ అనే ఇద్దరు దాని కర్తలు. ట్రూమన్ వీటో చేసినా దాన్ని తోసిరాజని కాంగ్రెసు నెగ్గించుకుంది. కమ్యూనిస్టులను దేశంలోకి రానివ్వకూడదన్నది అందులో ప్రసిద్ధికెక్కిన భాగం. ప్రసిద్ధికెక్కని పని ఇంకొకటి కూడా ఆ చట్టం చేసింది. 1885 నాటి ఒప్పంద నిషేధాన్ని చడీచప్పుడు లేకుండా తీసివేసింది. ఆ ఖాళీలో హెచ్ అనే తరగతిని పెట్టింది. హెచ్‌లో మొదటిది మన కథానాయిక.

చట్టం ఆ మనిషిని వర్ణించిన తీరు చూడండి. అతను 'విశిష్ట యోగ్యత, సామర్థ్యం' కలవాడై వుండాలి. స్వదేశంలో ఇల్లు వుండాలి, దాన్ని వదులుకొనే ఉద్దేశం వుండకూడదు. తాత్కాలికంగా రావాలి. తాత్కాలికమైన పనికే రావాలి. ఈ ప్రశ్న తేల్చేది ప్రభుత్వం. తేల్చడానికి ఆధారం అర్జీ. ఎవరి అర్జీ? అక్కడ చట్టం వాడిన మాటను తెలుగులోకి తెస్తే, 'దిగుమతి చేసుకొనే యజమాని' అర్జీ. దిగుమతి! పత్తికీ పంచదారకూ వాడే మాట. శాసనాల్లో మాటలు అలంకారం కోసం పడవు. సాహిత్యం చెప్పుకొనేవాడిగా నాకు ఒక అలవాటు వుంది; ఎక్కడ ఏ విశేషణం ఏ నామవాచకం పక్కన చేరిందో చూస్తాను. ఈ చట్టాన్ని అట్లా చదివితే తరవాతి చరిత్ర అంతా రెండు చిన్న మార్పుల్లో కనిపిస్తుంది.

మొదటి మార్పు 1970 ఏప్రిల్లో. 'తాత్కాలికంగా, తాత్కాలికమైన పనికి' అని రెండుసార్లు వున్నదాంట్లో రెండో 'తాత్కాలిక'ను కొట్టివేశారు. అంటే పని శాశ్వతమైనదే కావచ్చు, మనిషి మాత్రం తాత్కాలికుడు. యంత్రం నడుస్తూనే వుంటుంది, దాని దగ్గర నిలబడేవాడు మారుతూ వుండవచ్చు. ఒక్క మాట తీసేయడంతో ఒక కొత్త రకం కార్మికుడు పుట్టాడు.

రెండో మార్పు 1990 నవంబరులో. అప్పటి దాకా 'విశిష్ట' అనే విశేషణం మనిషికి వుండేది. ఈ చట్టంతో అది ఉద్యోగానికి బదిలీ అయింది. 'ప్రత్యేక వృత్తి' అన్నారు. సంబంధిత శాఖలో బి.ఏ. లేదా బి.ఎస్సి. స్థాయి డిగ్రీ కావలసిన ఏ పనయినా ప్రత్యేక వృత్తే. నిజంగా అసాధారణ ప్రతిభ వున్నవాళ్ళకు ఓ అనే వేరే తరగతి పెట్టారు. మిగిలినవాళ్ళు హెచ్-1బి. దీన్ని ఇప్పటికీ 'ప్రతిభావంతుల వీసా' అని మన పత్రికలు రాస్తూంటాయి. ఆ ప్రతిభ 1990లోనే చట్టంలోంచి బయటికి నడిచింది. ఈ మాట అనడం అక్కడికి వెళ్ళినవాళ్ళను తక్కువ చేయడానికి కాదు. నైపుణ్యం మనిషిలో వుంటే అతను ఎక్కడికి వెళితే అది అక్కడికి వెళ్తుంది. నైపుణ్యం కుర్చీలో వుంటే, కుర్చీ సొంతదారుడిదే పెత్తనం.

స్వదేశంలో ఇల్లు వదులుకోకూడదన్న నిబంధనను హెచ్-1బికి ఆ చట్టమే సడలించింది. ఏడాదికి 65,000 మంది, ఆరేళ్ళ గరిష్ఠ గడువు అన్నవీ అప్పుడు వచ్చినవే. స్థానిక కార్మికుల వేతనాలు పడిపోకుండా ఒక రక్షణ కూడా పెట్టామన్నారు. యజమాని కార్మిక శాఖకు ఒక హామీ పత్రం ఇవ్వాలి: ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తూన్న జీతం ఇస్తాను, సమ్మె జరుగుతూన్న చోట ఇతన్ని పెట్టను అని. వినడానికి బాగుంది. అయితే కార్మిక శాఖ దాన్ని ఏడు రోజుల్లో తేల్చాలి. ఖాళీలు పూరించారా, కంటికి కనిపించే తప్పులున్నాయా అన్నవి మాత్రమే చూడాలి. నిజమా అబద్ధమా అన్నది చూడమని చట్టం చెప్పలేదు. కాగితం చక్కగా వుంటే చాలు.

నడుస్తూన్న జీతం అన్నదాని లోతు కూడా కొంచెం చెప్పాలి. 2004 చట్టం తరవాత నాలుగు మెట్లు స్థిరపడ్డాయి. కింది మెట్టు ఆ ప్రాంతంలో ఆ పనివాళ్ళ జీతాల్లో కింది నుంచి 17వ శాతం దగ్గర, రెండో మెట్టు 34వ శాతం దగ్గర. అంటే మొదటి రెండు మెట్లూ సగటు మనిషి జీతానికి కిందనే. 2019లో ధ్రువపరిచిన ఉద్యోగాల్లో 60 శాతం ఈ రెండు మెట్ల మీదే వున్నాయని వాషింగ్టన్‌లోని ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ 2020లో లెక్క తేల్చింది. చట్టం ఉల్లంఘించి కాదు, పాటించి!

*

తెలుగువాళ్ళు ఈ చరిత్రలోకి రెండు అలలుగా వచ్చారు. మొదటిది 1965 వలస చట్టం తరవాత డాక్టర్లది. విశాఖపట్నం, గుంటూరు వైద్య కళాశాలల్లో ప్రజల పన్నులతో చదువుకున్నవాళ్ళు చాలామంది అట్లా వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది శాశ్వత నివాసులుగా వెళ్ళినవాళ్ళు. పర్మిటు గొలుసు వాళ్ళకు అంతగా తెలియదు. 1976లో విదేశీ డాక్టర్ల మీద ఆంక్షలు వచ్చి ఆ దారి ఇరుకయింది.

రెండో అల కంప్యూటరు ఇంజనీర్లది. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న భయం అమెరికా వ్యాపారాన్ని పట్టుకుంది. లక్షల కొద్దీ పాత ప్రోగ్రాములు దిద్దేవాళ్ళు కావాలి. 1998 అక్టోబరులో హెచ్-1బి పరిమితిని 1,15,000కు పెంచుతూ చట్టం చేశారు. నెల తిరిగేసరికి హైదరాబాదులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించాడు. 2000 అక్టోబరులో మూడేళ్ళకు గాను పరిమితిని 1,95,000 చేశారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సుల బోర్డులు మేడల మీదికి పాకిన కాలం అదే.

ఈ కాలాన్ని చైనాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు షియాంగ్ బియావో దగ్గరగా పరిశీలించాడు. హైదరాబాదులోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ తెలుగు కంప్యూటరు పనివాళ్ళ మధ్య తిరిగి ఆయన రాసిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' 2007లో అచ్చయింది. ఆయన చూపించినది ఇది: ఒక యువకుణ్ణి ఇంజనీరుగా తయారుచేసి విదేశానికి పంపే పెట్టుబడిలో కట్నానికి పెద్ద వాటా వుంది. కోస్తా జిల్లాల్లో పొలాల మిగులు, ఆడపిల్ల తండ్రి పొదుపు, ఏజంటు కమీషను, అన్నీ కలిసి ఒక మనిషిని ప్రపంచ మార్కెట్టులోకి నెడతాయి. సియాటిల్లో వ్రాసే ప్రోగ్రాము చవకగా వుండడానికి తెనాలిలో ఎవరో ఆడపిల్ల తండ్రి ఖర్చు పెట్టాడన్నమాట. మన సాహిత్యంలో కట్నం మీద కథలు కోకొల్లలు. ఈ కోణం నుంచి వచ్చినవి తక్కువ.

కన్సల్టెన్సీలు ఈ పనివాళ్ళను తమ పేర తెప్పించి ఇంకొకరికి అద్దెకిచ్చేవి. అద్దెకు తీసుకొనేవాడు దొరికే దాకా ఖాళీగా కూర్చోబెట్టడాన్ని 'బెంచి' అన్నారు. బెంచి మీద జీతం వుండదు. ఇది అన్యాయమని గుర్తించి 1998 చట్టంలోనే నిషేధించారు. పని లేకపోయినా జీతం ఇవ్వాలన్నారు. మంచిదే. కాని ఫిర్యాదు చేయవలసినది ఎవరు? ఎవడి కాగితం యజమాని చేతిలో వుందో వాడు. ఆ యజమాని కాగితం వెనక్కు తీసుకుంటే దేశం విడిచి పోవలసినవాడు. ఉద్యోగం పోయినవాడికి ఇంకొకటి వెతుక్కోవడానికి అరవై రోజుల దాకా గడువు ఇస్తూ నిబంధన వచ్చినది 2017 జనవరిలో. అంతకు ముందు లెక్కప్రకారం ఒక్క రోజు కూడా లేదు. నోరు మూసుకోవడానికి చట్టం అవసరం లేదు, ఈ లెక్క చాలు.

దీన్ని పట్టుకొని కొందరు మిత్రులు 'సైబర్ కూలీలు' అంటారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మన పూర్వులతో పోలుస్తారు. ఆవేశం అర్థం చేసుకోగలను గాని పోలికను యథాతథంగా ఒప్పుకోలేను. 1860లో మద్రాసు నుంచి నటాలు వెళ్ళిన గిరిమిట్ కూలీ పని మానితే జైలుకు పోయేవాడు. హెచ్-1బి ఇంజనీరు పని మానితే విమానం ఎక్కి ఇంటికి వస్తాడు. తరచు కారు అమ్ముకొని వస్తాడు. ఆకలి బాధకూ అప్పుల బాధకూ తేడా వుంది. ఆ తేడాను చెరిపేస్తే గిరిమిట్ కూలీల చరిత్రకు అపచారం చేసినవాళ్ళమవుతాం. పోలిక వున్నది జీవన స్థితిలో కాదు, కాగితంలో. రెండు చోట్లా మనిషి ఆ దేశంలో వుండే హక్కు ఒక యజమానికి చేసే పని మీద ఆధారపడింది. అంతవరకే.

2000 చట్టం ఆ ముడిని కొంచెం వదులు చేసింది, అది కాదనకూడదు. కొత్త యజమాని అర్జీ దాఖలు చేసిన మరుక్షణం, మంజూరు కోసం ఆగకుండా అతని దగ్గర పనిలో చేరవచ్చునన్నారు. ఈ డెబ్బయి ఏళ్ళలో పనివాడి వైపు నిలబడిన మార్పు ఏదైనా వుంటే ఇదే. కాని గమనించండి, కొత్త కాగితం మీద కూడా అర్జీదారు యజమానే. పగ్గం తెగలేదు, చేతులు మారింది.

అదే చట్టం ఇంకొకటి కూడా చేసింది. శాశ్వత నివాసానికి, అంటే గ్రీన్ కార్డుకు, ఏ దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదని 1990 చట్టంలో వుంది. ఐస్‌లాండుకూ ఇండియాకూ ఒకటే కొలపాత్ర. వరుస పెరిగిపోయింది. దాన్ని సరిచేయడానికి బదులు, వరుసలో వున్నవాళ్ళ తాత్కాలిక పర్మిటును ఆరేళ్ళు దాటి పొడిగించుకుంటూ పోవచ్చన్నారు. దానితో పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు 'తాత్కాలికంగా' వున్నవాళ్ళు తయారయ్యారు. ఇల్లు కొన్నారు, పిల్లల్ని కన్నారు, పన్నులు కట్టారు, తాత్కాలికులు. ఇక్కడ పుట్టి వాళ్ళ చెయ్యి పట్టుకొని వెళ్ళిన పిల్లలకు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల కాగితం కింద వాళ్ళకు చోటు లేదు.

భార్యల సంగతి ఇంకా వింత. లబ్ధిదారు మీద ఆధారపడినవారు వాళ్ళు, నీడకు నీడ. 2015 దాకా వాళ్ళు పని చేయడానికి వీలే లేదు. ఆ ఏడాది మే నెల నుంచి, గ్రీన్ కార్డు వరుసలో కొంత దూరం నడిచినవాళ్ళ భార్యలకు మాత్రం అనుమతి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపారు. ఆయన భౌతికకాయంతో హైదరాబాదు వచ్చిన భార్యకు తిరిగి వెళ్ళే హక్కు లేదు. ఆమె కాగితం భర్త కాగితం మీద, భర్త కాగితం కంపెనీ అర్జీ మీద నిలిచివున్నాయి. మనిషి పోగానే అన్నీ పోయాయి. ఒక కాంగ్రెసు సభ్యుడు పూనుకొని తాత్కాలిక ఏర్పాటు చేయించాడు. ఆయన మంచితనాన్ని శంకించను; ఒక హక్కు వుండవలసిన చోట ఒకరి మంచితనం అవసరపడిందన్నదే నా బాధ.

*

ఇక వరుస కథ. దీని మీదే మనవాళ్ళ ప్రాణమంతా. మా కళాశాలలో తెలుగు ఒక సబ్జెక్టుగా చదివే పిల్లలు కూడా ఛందస్సులో గణాల పేర్ల కన్నా వేగంగా ఈ నిబంధనలు అప్పజెబుతారు.

2001 జూనులో వెయ్యి డాలర్లు అదనంగా కడితే పదిహేను రోజుల్లో తేల్చే పద్ధతి పెట్టారు. డబ్బు కట్టినవాడి ఫైలు ముందుకు జరుగుతుందని మన తాలూకా కచేరీల్లో అందరికీ తెలుసు. అక్కడ దాన్ని నిబంధనల్లో రాసి రసీదు ఇచ్చారు. పరిమితి మళ్ళీ 65,000కు పడిపోయింది. 2004 చట్టం అమెరికాలో ఎం.ఎస్. చదివినవాళ్ళకు అదనంగా 20,000 ఇచ్చింది. 2007 ఏప్రిల్లో గుమ్మం తెరిచిన రెండు రోజుల్లోనే లక్షా ఇరవై వేలకు పైగా అర్జీల కట్టలు తపాలాలో వచ్చి పడ్డాయి. అప్పుడు లాటరీ వేశారు. యోగ్యతతో మొదలయిన పర్మిటు అదృష్టానికి చేరింది.

2020లో కట్టల బదులు కంప్యూటరులో పేరు నమోదు చేస్తే చాలునన్నారు. రుసుము 10 డాలర్లు. సౌకర్యమే. అయితే ఒకే మనిషి పేరును నాలుగైదు కంపెనీలు నమోదు చేయడం మొదలుపెట్టాయి. 2023 మార్చిలో నమోదయిన పేర్లు 7,80,884. అందులో అర్హమైనవాటిలో 4,08,891 ఒకే మనిషికి ఒకటికి మించి పడినవి. కాగితాలను లెక్కపెట్టే విధానంలో కాగితాలు పెరగక ఏం చేస్తాయి? 2024 నుంచి పాస్‌పోర్టు నెంబరును బట్టి మనిషికి ఒకే చీటీ అన్నారు. ఈ చట్టం చరిత్రలో చీటీ ఎత్తేటప్పుడయినా మనిషిని మనిషిగా లెక్కపెట్టినది అదే మొదటిసారి. 2025లో రుసుము 215 డాలర్లయింది, అర్హమైన నమోదులు 3,43,981కి దిగాయి.

2025 డిసెంబరులో ఇంకొక నిబంధన చేశారు. లాటరీ చీటీలకు జీతపు మెట్టును బట్టి తూకం: పై మెట్టువాడికి నాలుగు చీటీలు, కింది మెట్టువాడికి ఒకటి. 2026 ఫిబ్రవరి చివర నుంచి అమలు. అంతకు మూడు నెలల ముందే లక్ష డాలర్ల ప్రకటన, ఏడాది గడువుతో. అమెరికాలోనే చదువుతూ పర్మిటు మార్చుకొనే విద్యార్థులకు అది వర్తించదని అక్టోబరులో చెప్పారు. యోగ్యత, వరుస, అదృష్టం, ఇప్పుడు ధర. ఎక్కువ జీతమిచ్చేవాడికే మనిషి దొరకాలనడంలో వేతనాల రక్షణ కొంత వుందని అమెరికన్ కార్మిక సంఘాల్లో కొందరంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ధర ఎంత పెరిగినా కొనేవాడు కొనేవాడే. లక్ష డాలర్లు పోసి తెచ్చుకున్న మనిషిని యజమాని ఇంకా గట్టిగా పట్టుకుంటాడా, వదులుగానా?

అదే డిసెంబరులో సామాజిక మాధ్యమాల తనిఖీ పేరుతో కాన్సలేట్లలో ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. పెళ్ళికనో, తల్లికి బాగులేదనో వచ్చి ముద్ర కోసం ఆగిపోయినవాళ్ళు హైదరాబాదులో ఎందరో. ఈ ముద్రను అమెరికాలోనే తపాలా ద్వారా వేయించుకొనే పద్ధతి ఒకప్పుడు వుండేది. 2004 జులైలో ఎత్తేశారు. 2024 మొదట్లో ఇరవై వేలమందికి ప్రయోగంగా మళ్ళీ తెరిచి, మూసేశారు.

*

మన వామపక్ష మిత్రుల మధ్య దీని మీద రెండు మాటలు వినిపిస్తాయి. వెళ్ళేవాళ్ళు మధ్యతరగతి వాళ్ళు, వాళ్ళ బాధ మన బాధ కాదు అన్నది ఒకటి. ప్రజల డబ్బుతో చదివి పరాయివాడికి పనిచేస్తున్నారు, పోతే పోనీ అన్నది ఇంకొకటి. రెండోదానిలో నిజం వుంది. వరంగల్లు ఇంజనీరింగు కళాశాల 1959లో ఎవరి సొమ్ముతో వెలిసిందో మనకు తెలుసు. అయినా శ్రమశక్తిని అమ్ముకొనేవాడు జీతం ఎక్కువయినంత మాత్రాన కార్మికుడు కాకపోడు. అతని పక్కన కుర్చీలో కూర్చున్న అమెరికన్ ఇంజనీరుకూ ఈ పగ్గం నష్టమే. ఎదురు చెప్పలేనివాడు పక్కన వుంటే ఎదురు చెప్పగలిగినవాడి బేరం కూడా పడిపోతుంది. 1885లో నైట్స్ సంస్థ పట్టుకున్న సూత్రం ఇదే, దాని మచ్చల నుంచి విడదీసి చూస్తే. అడగవలసినది సంఖ్య పెంచమనీ తగ్గించమనీ కాదు. అర్జీ మీద పనివాడి పేరు పెట్టమని.

అది ఆచరణలో సాధ్యం కాదంటారు. సాధ్యమయిన చోటు ఒకటి వుంది. బ్రిటను 1962లో కామన్‌వెల్తు వలసల చట్టం చేసింది. నల్లవాళ్ళనూ గోధుమరంగువాళ్ళనూ ఆపడానికి చేసిన చట్టమే అది. గైట్స్‌కెల్ నాయకత్వాన లేబర్ పార్టీ ఆనాడు దాన్ని గట్టిగా వ్యతిరేకించింది, అధికారంలోకి వచ్చాక 1965లో తానే ఇంకా బిగించింది. అయితే ఆ చట్టం కింద వోచర్లు మూడు రకాలు. ఏ తరగతికి అర్జీ యజమానిది. సి తరగతి నైపుణ్యం లేని పనివాళ్ళకు. 1964లో దాన్ని ఆపేశారు. బి తరగతి డాక్టర్లకు, ఉపాధ్యాయులకు, ఇంజనీర్లకు. దానికి ఉద్యోగం చేతిలో వుండనక్కరలేదు. తన యోగ్యతా పత్రాలు చూపి పనివాడే అర్జీ పెట్టుకోవచ్చు. వోచరు మీద దిగిన తరవాత ఏ ఆసుపత్రిలో చేరాలో, ఏది మానాలో అతని ఇష్టం. ఇండియా నుంచి వెళ్ళిన డాక్టర్లు ఎందరో ఈ దారినే వెళ్ళారు. దానివల్ల బ్రిటను ఆసుపత్రులు మూతపడలేదు, వాళ్ళవల్లనే నడిచాయి. ఈ ఏర్పాటు పదేళ్ళు సాగింది. 1971 చట్టం దాన్ని ఎత్తివేసింది. 1973 జనవరి 1 నుంచి అక్కడ కూడా ఫలానా యజమాని దగ్గర ఫలానా పనికి అని రాసిన పర్మిటే మిగిలింది. దానికి అర్జీదారు యజమాని.